శాలువా ఫొటోలకు గ్రాంటు రాదు

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీల్లో చిత్రకారుల వార్తలు తరచుగా వస్తుంటాయి. ఫలానా వారికి పురస్కారం వచ్చింది, ఫలానా చోట ప్రదర్శన మొదలైంది, ఎవరో ఒకరికి సన్మానం జరిగింది. సంతోషమే. కానీ ఆ పనికి డబ్బు ఎక్కడ దొరుకుతుంది, ఎప్పటిలోగా అడగాలి, ఎట్లా అడగాలి అన్న సంగతి మాత్రం ఏ పేజీలోనూ కనిపించదు. హనుమకొండ నుంచి నిర్మల్ దాకా మంచి చేయి ఉన్న చిత్రకారులకు, శిల్పులకు కొదవ లేదు. వాళ్ల గ్రాంటు దరఖాస్తులు తిరిగొస్తున్నది బొమ్మ బాగా లేక కాదు. చాలాసార్లు ఎంపిక చేసే జ్యూరీ ఆ బొమ్మ దాకా వెళ్లనే వెళ్లదు, ముందున్న కాగితాల దగ్గరే ఆగిపోతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం. నిడివి ఎక్కువైతే రెండు భాగాలుగా వేసుకోండి, అంకెలు మాత్రం కత్తిరించొద్దు.

అన్నిటికంటే పెద్ద తికమక పురస్కారానికీ గ్రాంటుకూ మధ్య ఉంది. పురస్కారం చేసిన పనికి ఇస్తారు, గ్రాంటు చేయబోయే పనికి ఇస్తారు. ఈ తేడా తెలియక మనవాళ్లు గ్రాంటు ఫైలు నిండా పాత గౌరవాలు నింపుతారు. మెమెంటో పట్టుకున్న ఫొటో, మంత్రి గారు శాలువా కప్పుతున్న ఫొటో, లామినేషన్ చేయించిన పేపర్ కటింగ్‌లు. ఎంపిక చేసేవాళ్లు వెతికేది ఇవి కావు. ఈ మనిషి ఏం చేయబోతున్నాడు, ఎన్ని నెలల్లో చేస్తాడు, ఎంత ఖర్చవుతుంది, ఆ పని చేయగలడని ఇంతకుముందు చేసిన పని చెబుతోందా అని చూస్తారు. ఈ నాలుగింటికి జవాబు లేకపోతే నలభై శాలువాలున్నా లాభం లేదు.

ఏ తలుపు తట్టాలో కూడా ముందే తేల్చుకోవాలి. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం) నడిపే పథకాలు మనవాళ్లకు అన్నిటికంటే దగ్గరివి. దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్ మాదాపూర్‌లోనే ఉంది. 18 నుంచి 25 ఏళ్ల వారికి యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఉంది. నెలకు 5,000 రూపాయలు, రెండేళ్లు. 25 నుంచి 40 ఏళ్ల వారికి జూనియర్ ఫెలోషిప్, నెలకు 10,000. 40 దాటిన వారికి సీనియర్ ఫెలోషిప్, నెలకు 20,000. ఈ రెండూ కూడా రెండేళ్లే. దేశం మొత్తానికి ఏడాదికి జూనియర్ 200, సీనియర్ 200. సంగీతం, నాట్యం, నాటకం, జానపదం, చిత్రకళ అన్నీ ఆ లెక్కలోనే పంచుకోవాలి. వయసు ఏ తేదీ నాటికి లెక్కిస్తారో ప్రకటనలో ఉంటుంది, దాన్ని రెండుసార్లు చదవండి. ఒక్క నెల తేడాతో జూనియర్ కాస్తా సీనియర్ అవుతుంది, తప్పు గడిలో పెట్టిన దరఖాస్తును ఎవరూ పిలిచి సరిచేయరు. ఇంకో మాట. ఈ ఫెలోషిప్ శిక్షణ తరగతులు, వర్క్‌షాపులు పెట్టడానికి, ఆత్మకథ రాసుకోవడానికి ఇచ్చేది కాదు. మన దగ్గరి నుంచి వెళ్లే ప్రతిపాదనల్లో చాలావరకు ‘వంద మంది విద్యార్థులకు చిత్రకళ నేర్పిస్తాను’ అనే ఉంటాయి. ఉద్దేశం మంచిదే, తలుపు వేరు.

ఢిల్లీలోని కేంద్ర లలిత కళా అకాడమీ 1954 నుంచి ఉంది. మనకు దగ్గరి ప్రాంతీయ కేంద్రం చెన్నైలో ఉంది. జాతీయ ప్రదర్శన, స్కాలర్‌షిప్, క్యాంపుల ప్రకటనలు అకాడమీ వెబ్‌సైట్‌లో వస్తుంటాయి. ప్రైవేటు రంగంలో బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్‌ను ఎక్కువ మంది పట్టించుకోరు. 1993లో పెట్టిన సంస్థ అది. పరిశోధనకు, కళాసాధనకు వేర్వేరు గ్రాంట్లు ఇస్తుంది. ప్రతిపాదనను ఇంగ్లిషులోనే కాదు, భారతీయ భాషల్లోనూ రాసి పంపవచ్చు. అంటే తెలుగులో రాయొచ్చు. ఇంగ్లిషు రాదన్న ఒక్క భయంతో ఆగిపోయిన వాళ్లు ఇక్కడి నుంచి మొదలుపెట్టడం మేలు. యువ చిత్రకారులకు ఇన్లాక్స్ ఫౌండేషన్ ఫైన్ ఆర్ట్ అవార్డు కూడా ఉంది.

విదేశీ సంస్థల్లో మూడింటి గురించి చెప్పాలి. న్యూయార్క్‌లోని పొలాక్-క్రాస్నర్ ఫౌండేషన్ 1985లో మొదలైంది. పెయింటింగ్, శిల్పం, కాగితం మీద పని, ప్రింట్‌మేకింగ్ (చెక్క, లోహపు పలకల నుంచి అచ్చు బొమ్మలు తీయడం) చేసే వృత్తి కళాకారులకే ఇస్తుంది. ఏ దేశం వాళ్లయినా పెట్టుకోవచ్చు. విద్యార్థులకు, ఫొటోగ్రాఫర్లకు, వీడియో చేసేవాళ్లకు, కమర్షియల్ ఆర్ట్ వాళ్లకు ఇవ్వదు. కళతో పాటు ఆర్థిక అవసరాన్ని కూడా చూస్తుంది కనుక ఆదాయం ఎక్కువ చేసి రాసి గొప్పలకు పోతే నష్టం మనకే. అదే నగరంలోని గాట్‌లీబ్ ఫౌండేషన్ కనీసం 20 ఏళ్లుగా పరిణతితో పని చేస్తున్న చిత్రకారులు, శిల్పులు, ప్రింట్‌మేకర్ల కోసం. కెనడాలో మాంట్రియల్‌లోని ఎలిజబెత్ గ్రీన్‌షీల్డ్స్ ఫౌండేషన్ 1955 నాటిది. ఇంకా తొలి దశలో ఉన్నవారికి, అది కూడా మనిషినీ ప్రకృతినీ పోల్చుకునేలా గీసేవారికి మాత్రమే ఇస్తుంది. నైరూప్య చిత్రాలు పంపితే చూడరు. మన తెలంగాణలో పల్లె మనుషుల బొమ్మలు వేసే కుర్రాళ్లు ఎంతమంది ఉన్నారో చూస్తే, ఈ మూడోదానికి ఇక్కడి నుంచి ఎక్కువగా వెళ్లాలి.

చేతివృత్తుల పథకాలను ఇందులో కలపకండి. పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి. శిల్పి ఉన్నాడు, బొమ్మల తయారీదారు ఉన్నాడు, కుమ్మరి ఉన్నాడు, చిత్రకారుడు లేడు. పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తారు. ఆపైన వచ్చే లక్ష, తర్వాతి రెండు లక్షలు 5 శాతం వడ్డీకి అప్పు. అది తిరిగి కట్టాలి. గ్రాంటు తిరిగి కట్టేది కాదు, కానీ లెక్క చెప్పాల్సింది. నిర్మల్ కొయ్యబొమ్మల పనివారికి విశ్వకర్మ, చేర్యాల నకాషీ (గుడ్డ మీద కథను పటంగా వేసే పని), పెంబర్తి ఇత్తడి పనివారికి హస్తకళల శాఖ ఆర్టిజన్ కార్డు ఉపయోగపడతాయి. అదే నకాషీ కళాకారుడు ఒక కొత్త కథను పటంగా వేయాలనుకుంటే మాత్రం ఫెలోషిప్ దారిలో పోవచ్చు. జానపద, గిరిజన కళలకూ అందులో చోటుంది.

ఇక ఫొటోల సంగతి. దీని మీద ఎక్కువ రాస్తున్నామంటే కారణం ఉంది. జ్యూరీ సభ్యుడు అసలు బొమ్మను చూడడు. తెర మీద ఒక్కో ఫొటోను కొన్ని సెకన్లు చూస్తాడు. ఇంట్లో గోడకు వేలాడదీసి, ట్యూబ్‌లైట్ వేసి, ఫోన్‌తో కింద నుంచి తీసిన ఫొటోలో చతురస్రం ట్రాపీజియం అవుతుంది, తెలుపు ఆకుపచ్చగా మారుతుంది, వార్నిష్ మీద లైటు గీత పడుతుంది. ఆరు నెలల కష్టం ఆ గీత కింద పోతుంది.

మంచి కెమెరా కొననవసరం లేదు. పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు మధ్య, నేరుగా ఎండ పడని నీడలో, ఉత్తరం వైపు తెరుచుకున్న వరండాలో బొమ్మను నిలబెట్టండి. మబ్బు పట్టిన రోజైతే ఇంకా మేలు. బొమ్మ మధ్య బిందువు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి, కెమెరా లెన్సు సరిగ్గా అంతే ఎత్తులో పెట్టండి. ఫోన్ అయితే మామూలు లెన్సుతో దగ్గరికి పోకుండా, రెండింతల జూమ్ లెన్సు పెట్టి వెనక్కి జరగండి. దగ్గరి నుంచి తీస్తే అంచులు ఉబ్బుతాయి. కెమెరా అయితే 50 ఎంఎం లేదా అంతకంటే పొడవైన లెన్సు, ఐఎస్‌ఓ 100, అపర్చర్ ఎఫ్ 8, ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్. తెర మీద గ్రిడ్ గీతలు వేసుకుని నాలుగు అంచులూ గీతలకు సమాంతరంగా వచ్చే దాకా జరుపుకోండి. ఫ్రేమ్ అద్దం ఉంటే తీసేయండి. రాత్రిపూట తీయక తప్పకపోతే ఒకే రకం బల్బులు రెండు, బొమ్మకు చెరోవైపు 45 డిగ్రీల కోణంలో, సమాన దూరంలో. ఒకవైపు ఎల్‌ఈడీ, ఇంకోవైపు ట్యూబ్‌లైట్ పెడితే ఆ రంగుల తేడాను ఏ యాప్ కూడా సరిచేయలేదు.

చేర్యాల పటానికి రెండు ప్రత్యేక సమస్యలున్నాయి. నేపథ్యం ముదురు ఎరుపు. ఫోన్ కెమెరా ఎరుపును పొంగించేస్తుంది. ఎరుపు మీద ఉన్న సన్నని గీతలు, ఆభరణాల చుక్కలు అందులో మునిగిపోతాయి. ఎక్స్‌పోజర్‌ను కొద్దిగా, ఒక మెట్టులో సగానికి పైగా తగ్గించి తీయండి, ఫోన్‌లో రంగులు పెంచే ఆటోమేటిక్ మోడ్‌లన్నీ ఆపేయండి. రెండోది పొడవు. గజాల పొడవున్న పటాన్ని ఒక్క ఫొటోలో పెడితే రిబ్బన్ ముక్కలా ఉంటుంది. మొత్తం పటం ఒకటి, వరుసగా రెండు మూడు ఖండికలు విడివిడిగా, ఒక ముఖం దగ్గరి నుంచి ఒకటి పంపాలి. పది ఫొటోలకే అవకాశం ఉంటే ఇలా రెండు పటాలు చాలు. పది పటాలు పది రిబ్బన్లుగా పంపితే ఏదీ కనపడదు.

ఇత్తడి, డోక్రా (మైనపు అచ్చుతో పోతపోసే లోహపు బొమ్మలు) పనిలో మెరుపుతోనే చిక్కు. తీసేవాడి చొక్కా, వెనక గేటు, పైన ఆకాశం అన్నీ లోహంలో కనిపిస్తాయి. రెండు వైపులా తెల్ల థర్మోకోల్ షీట్లు నిలబెట్టి, పైన తెల్ల పంచె కట్టి, ఆ గుడ్డలోంచి వెలుతురు పడనివ్వాలి. తీసేవాళ్లు నల్ల చొక్కా వేసుకుంటే ప్రతిబింబం తగ్గుతుంది. వెనక బూడిద రంగు గుడ్డ. పూల దుప్పటి వద్దు. శిల్పమైతే మూడు కోణాలు, అందులో ఒకటి పక్కన మనిషి నిలబడి సైజు తెలిసేలా.

తీసిన ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపించుకుంటే కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా కేబుల్ పెట్టి ఎక్కించుకోండి. ప్రకటనలో అడిగిన సైజు లేకపోతే పొడవైన వైపు 1,920 పిక్సెళ్లు, ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో జేపీఈజీ ఫైలు సరిపోతుంది. 300 డీపీఐ అని నెట్ సెంటర్ అతను ఎంత నొక్కి చెప్పినా తెర మీద చూసే ఫొటోకు ఆ అంకెతో పని లేదు, పిక్సెళ్లే లెక్క. ఫైలు పేరులో తెలుగు అక్షరాలు, ఖాళీలు, కామాలు ఉంటే కొన్ని పోర్టల్‌లు తీసుకోవు. ఇంగ్లిషు అక్షరాల్లో వరుస సంఖ్య, ఇంటిపేరు, బొమ్మ పేరు చాలు. బొమ్మ మీద మీ ఫోన్ నంబరు వాటర్‌మార్క్ వేయకండి. దొంగతనం భయం నిజమే కానీ జ్యూరీకి కనపడేది ఆ నంబరే అవుతుంది.

ప్రతి ఫొటోకూ జాబితాలో ఒక వరుస ఉండాలి. సంఖ్య, పేరు, మాధ్యమం, కొలత, సంవత్సరం. కొలతలో ముందు ఎత్తు, తర్వాత వెడల్పు, శిల్పమైతే చివర లోతు. మన దుకాణాల్లో కాన్వాస్ అంగుళాల్లో అమ్ముతారు, బయటి సంస్థలు సెంటీమీటర్లు అడుగుతాయి. అంగుళానికి 2.54 సెంటీమీటర్లు. 36×48 కాన్వాస్ అంటే 91.4×121.9 సెం.మీ. ఎత్తు, వెడల్పు తారుమారు చేస్తే నిలువు బొమ్మ కొలత అడ్డం బొమ్మదిగా ఉంటుంది, చూసేవాళ్లకు మిగతా అంకెల మీద కూడా అనుమానం పుడుతుంది. ‘మిక్స్‌డ్ మీడియా’ అని రాసి వదిలేయకండి. ‘టేకు పలక మీద సహజ రంగులు, చింతగింజల జిగురు’ అని రాస్తే చదివేవాడికి చేయి కనిపిస్తుంది.

ప్రతిపాదనలో ఎక్కువమంది తప్పు చేసేది మొదటి వాక్యంలోనే. ‘చిన్ననాటి నుంచి నాకు బొమ్మలంటే ప్రాణం’ అన్నది ప్రతి దరఖాస్తులోనూ ఉంటుంది. ‘కాకతీయుల కళావైభవాన్ని ప్రపంచానికి చాటిచెబుతాను’ అన్నది మన జిల్లాల ప్రత్యేకత. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఈ వాక్యం ఇంకా పెరిగింది. ఇందులో పని ఏమిటో లేదు. అదే మనిషి ఇలా రాశాడనుకోండి: ‘ఖిలా వరంగల్ మట్టికోట కట్ట వెంట ఉన్న ఇళ్లలోని, రాతికోట లోపలి జీవితాన్ని 12 ఉడ్‌కట్ (చెక్క మీద చెక్కి తీసే అచ్చు) ప్రింట్లుగా చేస్తాను. ఒక్కోటి 60×90 సెం.మీ., ఒక్కోదానికి 5 ప్రతులు. మొదటి రెండు నెలలు స్కెచ్‌లు, తర్వాతి నాలుగు నెలలు చెక్కడం, చివరి రెండు నెలలు ముద్రణ.’ ఇప్పుడు పని కళ్లకు కట్టింది, నెలలు తెలిశాయి, ఖర్చు లెక్క వేయొచ్చు. దాని తర్వాత ఎందుకు ఉడ్‌కట్టే, ఎందుకు ఆ చోటే అన్నది ఓ 150 మాటల్లో చెబితే చాలు. పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న చోట స్టాండ్ పెట్టి ఫొటోలు తీయడానికో, రాతి మీద కాగితం పెట్టి అచ్చు తీయడానికో అనుమతి కావాలి. ఆ అనుమతికి పట్టే సమయాన్ని కూడా నెలల పట్టికలో చూపాలి. అది చూపితే ఈ మనిషికి పని తెలుసని చదివేవాళ్లకు నమ్మకం వస్తుంది. గోండు, కొలాము గూడేలకు వెళ్లి వాళ్ల రూపాల నుంచి తీసుకుని పనిచేసే వాళ్లు అక్కడి పెద్దల రాతపూర్వక సమ్మతిని జత చేయాలి, వాళ్లకిచ్చే పారితోషికాన్ని బడ్జెట్‌లో ఒక వరుసగా చూపాలి. ఈ వరుస లేని ప్రతిపాదనలను జ్యూరీలు ఇప్పుడు గట్టిగానే ప్రశ్నిస్తున్నాయి. అడగాల్సిన ప్రశ్నే.

బడ్జెట్‌కు అదే ఉడ్‌కట్ పనిని తీసుకుందాం. 60×90 చెక్కలు 12 కావాలి. ఎనిమిది నాలుగు అడుగుల ప్లైవుడ్ షీటు అంటే 244×122 సెంటీమీటర్లు. అందులో నిలువుగా రెండు వరుసల్లో నాలుగు చెక్కలు వస్తాయి. మిగిలిన 64 సెంటీమీటర్ల పట్టీలో చెక్కను అడ్డం తిప్పితే ఐదోది వస్తుంది. షీటుకు ఐదు, అంటే మూడు షీట్లు కొంటే 12 పోను మూడు చెక్కలు మిగులుతాయి, చెక్కేటప్పుడు పొర లేచిపోతే పనికొస్తాయి. కాగితం 12 బొమ్మలకు ఐదేసి ప్రతులు, ఒక్కోదానికి అచ్చు ఎట్లా వస్తుందో చూసుకునే ఒక ట్రయల్ ప్రూఫ్ కలిపి 72. పాడయ్యేవి కలుపుకుని 80 షీట్లు. ధరలు ఉదాహరణకే అనుకోండి. ప్లైవుడ్ మూడు షీట్లు 2,400 చొప్పున 7,200. కాగితం 350 చొప్పున 28,000. ఇంకులు, రోలర్లు, ఉలులు 9,000. ప్రెస్ అద్దె 16 రోజులు 800 చొప్పున 12,800. రవాణా 5,000. ఫొటోలు, డాక్యుమెంటేషన్ 4,000. మొత్తం 66,000. ఇట్లా చూపితే ప్రతి రూపాయి ఎక్కడి నుంచి వచ్చిందో చదివేవాడికి అర్థమవుతుంది. ‘మెటీరియల్ ఖర్చులు 50,000, ఇతరములు 16,000’ అని రాస్తే మొత్తం అదే అయినా నమ్మకం రాదు. ‘ఇతరములు’ అన్న మాట పది శాతం దాటిందంటే ఎర్రపెన్ను పడినట్టే.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఫెలోషిప్ డబ్బు నెలనెలా రాదు, ఆరు నెలలకోసారి, నాలుగు విడతల్లో వస్తుంది. జూనియర్‌కు రెండేళ్లకు మొత్తం 2,40,000, అంటే విడతకు 60,000. తర్వాతి విడత రావాలంటే ఆరు నెలల నివేదిక వెళ్లాలి, దాన్ని వాళ్లు చూడాలి, ఆ తర్వాతే డబ్బు. మొదటి విడతలోనే 66,000 ఖర్చు పెట్టే ప్లాను వేస్తే మధ్యలో పని ఆగి, నివేదికలో చూపడానికి ఏమీ ఉండదు. కాగితం సగమే ముందు కొంటే 14,000 తగ్గి 52,000 అవుతుంది, ఊపిరి ఆడుతుంది. ఖర్చుల పట్టిక విడతలకు సరిపోయేలా విడగొట్టి రాయండి.

సొంత కూలి రాయడానికి మనవాళ్లు సిగ్గుపడతారు. సున్నా వేస్తారు. ఎనిమిది నెలలు పనిచేసే మనిషికి తిండి, కరెంటు బిల్లు ఉండవా? ప్రకటన ఒప్పుకుంటే కళాకారుడి పారితోషికం అని ప్రత్యేకంగా వరుస పెట్టండి. ఒప్పుకోకపోతే, ఆ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో ఒక వాక్యంలో చెప్పండి. కొటేషన్లు జీఎస్‌టీ కలిపినవి తీసుకోండి. జీఎస్‌టీ వదిలేసిన కొటేషన్‌తో బడ్జెట్ వేస్తే బిల్లు కట్టే రోజు చేతి నుంచి పడుతుంది. పట్టికలోని మొత్తం, ఫారంలో రాసిన మొత్తం ఒకటేనా అన్నది పంపే ముందు వేరే మనిషితో చూపించుకోండి.

సిఫార్సు ఉత్తరాల గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ఎమ్మెల్యే లెటర్‌హెడ్ మీద రాయించుకొచ్చిన ఉత్తరం కళల గ్రాంటులో ఎందుకూ పనికిరాదు. మీ పని దగ్గరుండి చూసిన గురువు, క్యూరేటర్, సీనియర్ కళాకారుడు రాసిన అరపేజీ చాలు. వాళ్లకు మూడు వారాలు ముందే ప్రతిపాదన ప్రతి ఇవ్వండి. ఏం చేయబోతున్నారో తెలియకుండా రాసే ఉత్తరంలో ‘మంచివాడు, కష్టపడతాడు’ తప్ప ఇంకేముంటుంది. బయోడేటా రెండు పేజీలు దాటొద్దు. కొత్తవి పైన, పాతవి కింద. సోలో ప్రదర్శనలు, గ్రూప్ ప్రదర్శనలు, క్యాంపులు వేరువేరుగా. డిగ్రీ లేని వంశపారంపర్య కళాకారులు సిగ్గుపడక్కరలేదు. ఎవరి దగ్గర, ఎన్నేళ్లు నేర్చుకున్నారో, ఏ ఊళ్లో కథలు చెప్పే ఏ కులానికి ఏ కథల పటాలు వేశారో రాస్తే అదే అర్హత.

చివరిదాకా వచ్చి ఓడిపోయేది పేర్లు, బ్యాంకుల దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, బొమ్మ మీద సంతకం ఇంకో పేరు. మూడూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ ముందే చేయించి పెట్టుకోండి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. మన జిల్లాల్లో చాలామంది పాస్‌బుక్‌లు ఈ రెంటిలో ఏదో ఒకటి. పాత ఐఎఫ్‌ఎస్‌సీ నంబరు ఎక్కించే ముందు బ్రాంచికి వెళ్లి కొత్తది రాయించుకోండి. రెండేళ్లు ఏ లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రలోకి పోతుంది, ముందే కేవైసీ ఇచ్చి లేపండి. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతాలకు నిల్వ 50,000, ఏడాది జమలు లక్ష అన్న పరిమితి ఉంటుంది. 60,000 విడత ఆ ఖాతాకు వస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

నెట్ సెంటర్‌లో అప్లికేషన్ పెట్టించుకునేవాళ్లు ఒక్కటి చూసుకోండి. తొందరలో అక్కడివాళ్లు తమ సొంత మెయిల్ ఐడీ, తమ ఫోన్ నంబరు కొట్టేస్తారు. తర్వాత వచ్చే ‘ఈ పత్రం మళ్లీ పంపండి’ అన్న మెయిల్ వాళ్లకు పోతుంది, మీకు తెలిసే సరికి గడువు దాటుతుంది. ‘సేవ్’ అయింది వేరు, ‘సబ్మిట్’ అయింది వేరు. నమోదు సంఖ్య వచ్చిన పేజీని పీడీఎఫ్‌గా దాచుకోవాలి. చివరి రోజు ఆగమాగం పెట్టుకోకండి. అమెరికా తూర్పు తీరం సమయం ప్రకారం అర్ధరాత్రి గడువు అంటే మనకు మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర, వాళ్ల చలికాలంలో అయితే పదిన్నర. అంత వెసులుబాటు ఉందని ఆ రాత్రి దాకా ఆగితే సర్వర్ సంగతి మీకు తెలిసిందే.

గ్రాంటు ఇస్తామంటూ ‘ప్రాసెసింగ్ ఫీజు’, ‘పతకం ఖర్చు’ అడిగే మెసేజ్‌లను నమ్మకండి. ప్రదర్శనలకు ఎంట్రీ ఫీజు ఉండొచ్చు. డబ్బు ఇచ్చేవాళ్లు డబ్బు అడగరు. విదేశం నుంచి గ్రాంటు వస్తే అది స్కాలర్‌షిప్పా, బహుమతా, ప్రాజెక్టు డబ్బా అన్నది మంజూరు పత్రంలో స్పష్టంగా రాయమని అడగండి. బ్యాంకు ఆ డబ్బు దేనికని అడుగుతుంది. విదేశీ విరాళాల చట్టానికీ, ఆదాయపు పన్నుకూ ఆ ఒక్క మాటే కీలకం. డబ్బు రాకముందే ఆ పత్రం ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌కు చూపించండి.

డబ్బు వచ్చాక బిల్లుల గోస మొదలవుతుంది. వేరే ఖాతా పెట్టుకుంటే సగం బాధ తప్పుతుంది. ఆదిలాబాద్ ప్రాంతంలోని ఉషేగావ్ వైపు డోక్రా పనివారు మైనం, పాత ఇత్తడి బిల్లు ఇవ్వని వాళ్ల దగ్గర కొంటారు. అలాంటప్పుడు తేదీ, సరుకు, తూకం, ధర, అమ్మినవారి పేరు రాసిన వోచర్ మీద సంతకమో వేలిముద్రో తీసుకోండి. 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించండి. థర్మల్ కాగితం బిల్లులు ఎండాకాలం దాటేసరికి తెల్లకాగితాలవుతాయి, వచ్చిన రోజే జిరాక్స్ తీయాలి. 12 ప్రింట్లు చేస్తానని చెప్పి 9 దగ్గర ఆగితే దాచకండి. కారణం చెప్పి ముందే రాసి అడిగితే మార్పులను ఒప్పుకునే సంస్థలు చాలా ఉన్నాయి. చివరి నివేదికలో మొదటిసారి తెలిస్తే మాత్రం ఊరుకోవు.

ఇప్పుడు మా విన్నపం రెండు చోట్లకు. భాషా సాంస్కృతిక శాఖ వారికి: 2024 నవంబరులో హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం తెరుచుకుంది. అందులో ఉత్తరపు వెలుతురు వచ్చే గది ఒకటి, నెలకు రెండు రోజులు బొమ్మలు ఫొటో తీసుకోవడానికి ఇవ్వండి. ట్రైపాడ్, రెండు లైట్లు, బూడిద రంగు గుడ్డ, స్కానర్ ఉన్న ఒక కంప్యూటర్, ఫారాలు నింపడం తెలిసిన ఒక మనిషి ఉంటే చాలు. పెద్ద బడ్జెట్ పని కాదిది. పత్రికకు: ఈ పథకాల ప్రకటన వెలువడిన వారంలోనే జిల్లా పేజీలో చిన్న పెట్టె వేయండి. అందులో సంస్థ పేరు, వయసు ఏ తేదీ నాటికి లెక్కిస్తారు, ఎన్ని ఫొటోలు, ఏ సైజు, ఏ భాషలో రాయొచ్చు, ఫీజు ఉందా లేదా, చివరి తేదీ ఉంటే సరిపోతుంది. గడువుకు నాలుగు రోజుల ముందు వేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. కనీసం నెల రోజులు మిగిలి ఉండగా వేయండి.

ఇట్లు,
హనుమకొండ, వరంగల్, జనగామ జిల్లాలకు చెందిన కొందరు చిత్రకారులు, శిల్పులు